లాయరు అంకుల్ కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్

సకల జనులకు తెలియజేయడమేమనగా, సింగపూర్‌లోని బెడోక్ హాకర్ సెంటర్‌లో, అంటే మేమంతా తినే తిండి కొట్ల బజారులో, ఫ్యాను కింది బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పడేసి చోటు పట్టుకునే హక్కు నేటి నుంచి ఎవరికీ లేదు. ఆ బల్ల మా లాయరు అంకుల్‌ది. మంగళవారం ఉదయం ఆయన కన్నుమూశారు.

షిప్‌యార్డులో నా వేళ్లు రెండు నలిగినప్పుడు కేసు పట్టింది ఆయనే. నా చదువు ఎనిమిదితో ఆగింది. ఇంగ్లీషు కాగితాన్ని లైను లైనూ తెలుగులో చెప్పేవారు. "అర్థం కాకుండా సంతకం పెట్టావంటే మిగతా వేళ్లు నేనే విరుస్తా" అనేవారు. కాఫీ చల్లారేదాకా ముట్టేవారు కాదు. ఈలోగా ఒక మనిషి గోడు వినొచ్చట.

ఒకసారి ఆఫీసులో ఆయన కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి, "ఈ సీటు అమ్ముడైంది" అని చీటీ అంటించాను. నవ్వుతారనుకున్నాను. చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు.

"నీకెవరు చెప్పార్రా?"

"ఏంటంకుల్?"

లాయర్లు కానివాళ్లు కూడా లాయరు ఆఫీసుల్లో పెట్టుబడి పెట్టి యజమానులు కావొచ్చనే మాట నడుస్తోందట. ఆయన పార్ట్‌నర్‌కు ఆశ పుట్టిందట.

"మంచిదేగా, కొత్త కంప్యూటర్లొస్తాయి."

"వాటితోపాటు ఒకాయనా వస్తాడు. నీ ఫైలు చేత్తో తూచి చూస్తాడు. బరువు లేకపోతే కింద పెట్టేస్తాడు."

చివరిసారి ఆస్పత్రిలో చూసినప్పుడు, "నీ కేసు ఎవరూ వదలకూడదని రాసిపెట్టానురా" అన్నారు.

అంత్యక్రియలయ్యాక ఆఫీసుకు వెళ్లాను. ఆయన కుర్చీలో ఒక సూటు మనిషి. లాయరు కాదు, సలహాదారట. రూల్సు ఇంకా పూర్తిగా తలుపు తీయలేదు గానీ, చోటు మాత్రం పట్టేసుకున్నారు. బల్ల మీద కొన్ని ఫైళ్లు, నేల మీద చాలా ఫైళ్లు. నాది నేల మీద.

"అంకుల్, యువర్ కేస్ అండర్ రివ్యూ లా," అని సింగపూర్ యాసలో నాతో అంది రిసెప్షన్ అమ్మాయి, తలెత్తకుండా.

అంకుల్ రాసిపెట్టిన సంగతి గట్టిగా చెప్పాను. సూటు మనిషి నా ఫైలు ఎత్తి బల్ల అంచున పెట్టాడు. ఆ కాగితం సోమవారానికి తెమ్మన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

రేపే సోమవారం. మీ దగ్గర దాచడమెందుకు, ఆ కాగితం లేదు. ఆస్పత్రిలో ఆయన ఆ మాట అననూ లేదు. నేను వెళ్లేసరికే మాట పడిపోయింది. నా వంకర వేళ్లు మాత్రం, నర్సు వచ్చి విడిపించేదాకా, పట్టుకునే ఉన్నారు.