పాదిరి గారి భార్య రిచెల్ద

మా ఊరి పాదిరి గాండుల్ఫో గారికి భార్య ఉండటం మాకెవరికీ తప్పుగా తోచేది కాదు. ఆయన తండ్రీ పెళ్ళయిన పాదిరే. ఇటలీలో మా లొంబార్దీ పల్లెల్లో అప్పట్లో అది మామూలే. ఆయన భార్య రిచెల్ద చర్చి గుడ్డలు ఉతికేది, పురుళ్లు పోసేది. నా ముగ్గురు పిల్లలూ ఆమె చేతుల్లోనే పడ్డారు.

ఆ ఏడు మిలాను నుంచి ఒక బోధకుడు వచ్చి సంతలో నిలబడి, పెళ్ళయిన పాదిరి పూజలో పంచే పవిత్రమైన రొట్టె, ఆ అప్పం తింటే నరకమేనన్నాడు. రోములోని పోప్ గారి ఆజ్ఞా అదేనట. మరుసటి ఆదివారం సగం మంది పూజలో అప్పం తీసుకోలేదు. రిచెల్ద బావి దగ్గరికొస్తే ఆడవాళ్లు తప్పుకునేవారు. నేనూ తప్పుకున్నాను. పక్క ఊళ్లో పాదిరి భార్యను జుట్టు పట్టి ఈడ్చుకెళ్లి బానిసను చేశారన్న కబురు విన్నాక, రిచెల్ద తన కూతురు ఇమీల్దను గడప దాటనివ్వలేదు. కుక్క మొరిగితే చాలు, పొయ్యి ఆర్పేసేది.

కోతలకు ముందు ఒక మధ్యాహ్నం ఆ బోధకుడి మనుషులు వచ్చారు. నలభై మంది, చేతుల్లో కర్రలు. వెనక మా ఊరివాళ్లం, వాళ్లలో నేనూ. ముందున్నవాడు ఇమీల్ద రెక్క పట్టుకుని, రిచెల్దను చూపిస్తూ పాదిరి గారిని అడిగాడు.

"ఏమయ్యా, ఈ ఆడది నీకేమవుతుంది?"

రిచెల్ద ఆయన వంక ఒక్కసారి చూసి తనే చెప్పింది.

"మొగుడు పోయినదాన్నయ్యా. ఇక్కడ చాకిరీ చేసుకుంటున్నాను. అది నా పిల్ల, వదిలెయ్యండి."

వాడు మా వైపు తిరిగి నిజమేనా అన్నాడు.

"నిజమే, పనిమనిషే," అన్నాను. ఆమెను కాపాడాలని అన్నానో, నా ప్రాణానికి భయపడి అన్నానో ఇప్పటికీ చెప్పలేను. పద్దెనిమిదేళ్ల కాపురం ఆ మాటతో పోయింది.

పొద్దు గూకేలోగా తల్లీకూతుళ్లు ఏటి అవతల ఆమె తమ్ముడి పిండిమరకు చేరారు. పాదిరి గారు ఇక ఆడతోడు లేకుండా బతుకుతానని ప్రమాణం చేసి చర్చిలోనే ఉండిపోయారు. ప్రతి ఆదివారం ఆమె వరుసలో చివర నిలబడి ఆయన చేతి అప్పం తీసుకునేది. కళ్లెత్తేది కాదు. ఇమీల్ద పెళ్లి ఆయనే చేయించారు, పాదిరిగా.

పన్నెండేళ్ల తర్వాత ఆమె మంచాన పడితే, చివరి ప్రార్థనకు ఆయన్ను నేనే వెంటబెట్టుకెళ్లాను. నుదుట నూనె రాస్తూ ఆయన ప్రార్థన మధ్యలో ఆపేసి ఆమె చెయ్యి పట్టుకున్నారు. ఆమె ఉలిక్కిపడి చెయ్యి లాక్కుంది.

"వదినా, తలుపు బార్లా తియ్యి. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?"

తీశాను. ఆయన కళ్లు తుడుచుకుని, మిగిలిన ప్రార్థన వీధిలోకి వినబడేలా గట్టిగా చదివారు.