కూపరోళ్ల గుమ్మడికాయ

నాకు సంతకం వరకే వచ్చు. అందుకే నోటితోని చెప్పి రాయిస్తున్న.

నా పెనిమిటి ఇంటిపేరు కూపర్. మేం కిరస్తానోళ్లం కాదు, దొరలకు చుట్టాలం కాదు. స్టేషన్ ఘన్‌పూర్ల అందరు కూపరోళ్లనే అంటరు. అత్తమామలను నేను చూడలె, ఆ పేరు ఎట్లొచ్చిందో ఎన్నడు అడగలె. కూలి చేసుకునేటోళ్లకు ఇంటిపేరుతోని ఏం పని?

నా బిడ్డ పెండ్లి కాడ పని పడ్డది. అప్పటికే పెనిమిటి పోయిండు, తెలంగాణ కోసం సమ్మెలు నడుస్తున్నయి. కేసముద్రం మార్కెట్ల హమాలీ పిల్లగాడు బిడ్డను చూసి ఒప్పుకున్నడు. బిడ్డ గూడ తల ఊపింది. అన్నాలకు కూసున్నంక వాళ్లమ్మ అడిగింది.

"వదినా, కూపరోళ్లంటే ఏ ఊరి దొరలు? మా ఇంటికొస్తే కుర్చీలెయ్యాల్నా, కింద కూసుంటరా?"

అందరు నవ్విన్రు, నేనూ నవ్విన. గుమ్మడికాయ పులుసు వడ్డియ్యబోతె ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"మాది గుమ్మడోళ్ల ఇల్లు. గీ కాయ మేం కొయ్యం, తినం. మీ అసలు ఇంటిపేరు ఏందో మీవోళ్లను అడిగి చెప్పు వదినా. ఒక్కటే ఇల్లయితే పిల్లలు అన్నాచెల్లెండ్లయితరు."

గంటె గిన్నెలనే పెట్టిన. నా పెనిమిటి ఉన్నన్ని దినాలు గుమ్మడికాయ ఇంట్లకు రానియ్యలె. వాతం చేస్తదనేటోడు. ఆయన పోయినంకనే పెరట్ల తీగ పెట్టిన. వాతమే అయ్యుంటదని మనసుకు చెప్పుకున్న.

ఆయన దిక్కు మిగిలింది మేనత్త ఒక్కతే, భూపాలపల్లి కాడుంటది. బస్సులు బందు. ఇటుకల ట్రాక్టర్ మీద కొంత, నడుసుకుంట కొంత పోయిన. నడుములు పడిపోయినయి. ముసలామె ఇంట్ల లేదు, వంటావార్పు కాడున్నదన్నరు. సమ్మెల ఉన్న బొగ్గుబాయి కార్మికులు రోడ్డుకు అడ్డంగ పొయ్యిలు పెట్టి వండుతున్రు. ఎవరో ఆమె ముందటికి కత్తిపీట జరిపిన్రు.

"అవ్వా, జర గుమ్మడికాయ కొయ్యి."

"గది నా ముందట పెట్టకు. ఉల్లిగడ్డలియ్యి, కోస్త."

నేను ఆమె పక్కన కూసున్న. ఇంక అడుగుడెందుకు? అయినా అడిగిన.

"మా పుట్టిల్లు గుమ్మడోళ్లదే బిడ్డా" అన్నది. "రైలు పట్టాలేసేటప్పుడు మా తాత కూపర్ అనే తెల్లదొర కింద మేస్త్రి. ఏ దొర కింద చేస్తే గా దొర పేరుతోనే పిలిచేటోళ్లు. పని ఒడిసింది, దొర పోయిండు, పేరు మాకంటుకున్నది. నీ పెనిమిటి తల్లిదండ్రులు వాని పసితనంలనే పోయిన్రు. తినొద్దని తప్ప వానికేం ఎరుక?"

పెండ్లి సంగతి చెప్పిన. ఆమె ఉల్లిగడ్డలు కోసుకుంటనే అన్నది, "చెప్పకుంటే ఎవరికెరుక? కూపరోళ్లమనే చెప్పు."

దారి పొడుగూత గదే మాట నమిలిన. అన్నాచెల్లెండ్లకు పెండ్లి చేసి నేను ఎట్ల నిద్రపోవాలె? కేసముద్రం పోయి పిల్లగాని ఇంట్ల ఉన్నదున్నట్టు చెప్పిన.

"అయితే ఇగ వదినవు కావు, యారాలివి. ఒక్క ఇంటి కోడండ్లం" అని పిల్లగాని తల్లి చాయ పెట్టింది. పిల్లగాడు బయటికి రాలె.

ఇంటికొచ్చి బిడ్డకు అంతా చెప్పిన, సంబంధం తప్పిందని గూడ. అది పెరట్ల తీగ దిక్కే చూసింది.

"మరి గా కాయలేం చేద్దామే?"

"మనం కొయ్యొద్దంట. పక్కింటోళ్లను తెంపుకొమ్మందాం."

"నన్ను గూడ గట్లనే ఎవరికన్న ఇచ్చెయ్యి" అన్నది.

నేను కాళ్లు కడుక్కోని నడుం వాల్చిన.