ఒంటెల బదులు అంబాసిడర్

పెళ్లిచూపుల్లో నోరు జారి సంబంధం పోగొట్టుకున్నవాళ్లను మీరు చూసే ఉంటారు. నీళ్లు తాగి పోగొట్టుకోబోయినవాణ్ని చూడాలంటే మాత్రం నా దగ్గరికే రావాలి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను తెనాలిలో బడిపంతులుని, సంఘంలో యౌవనస్థుల కూటానికి నాయకుణ్ని. వాక్యమంతా నాకే తెలుసన్న ధీమా. బాపట్ల నుంచి సునీత అనే టీచరు సంబంధం వచ్చింది. ఫోటో చూడగానే మనసు ఆమేన్ అనేసింది. కానీ నాలాంటి భక్తుడు ఫోటో చూసి పెళ్లాడితే ఎలా? దేవుని పిలుపు ఉండొద్దూ?

అబ్రాహాము దాసుడు ఇస్సాకుకు పిల్లను వెతుకుతూ బావి దగ్గర ఒక గుర్తు అడిగాడు. తనకు నీళ్లిచ్చి, ఒంటెలకూ పెడతానన్న అమ్మాయే దేవుడు ఏర్పరచిన పిల్ల. రిబ్కా అచ్చం అలాగే చేసింది. నేనూ అదే గుర్తు అడిగాను. తెనాలిలో ఒంటెలు దొరకవు కనుక, అద్దెకు మాట్లాడిన అంబాసిడర్ కారును ఒంటెగా లెక్కేశాను. ప్రభువు సర్దుకుంటాడులే అనుకున్నాను.

మే నెల ఎండలో అమ్మతో కలిసి బయల్దేరాను. పొన్నూరు చేరేసరికి మా ఒంటె పొగలు కక్కింది. రోడ్డు పక్క ఇంట్లోంచి పళ్లులేని మామ్మ ఒకావిడ చెంబూ బిందే పట్టుకుని వచ్చింది.

“ముందు నువ్వు తాగు నాయనా. నీ కారుకి కూడా నేనే పోస్తాలే.”

నా ప్రార్థన పొల్లు పోకుండా నెరవేరింది.

“ఏంట్రా, మామ్మని చూసి అలా వణుకుతున్నావ్?” అంది అమ్మ.

“మామ్మగారూ, మీకు పెళ్లయిందా అండి?” అన్నాను ప్రాణాలు ఉగ్గబట్టుకుని.

“మునిమనవడు కూడా పుట్టాడయ్యా.”

“దేవునికి స్తోత్రం” అన్నాను. ఆ మాట అంత నిజాయితీగా నేనెప్పుడూ అనలేదు. గుర్తు బాపట్లకు మాత్రమే వర్తిస్తుందని పైకి ఒక సవరణ పంపుకున్నాను.

బాపట్లలో సునీత గ్లాసుతో నీళ్లిచ్చింది. తాగి ఎదురుచూశాను. ఒంటె ఊసే లేదు.

“కారు కూడా బాగా వేడెక్కిందండి.”

“వేపచెట్టు కింద పెట్టించండి.”

“పాపం, దానికీ దాహమే కదండి.”

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. “మీకు ఇంకో గ్లాసు తెమ్మంటారా?”

తెమ్మన్నాను. ఈసారైనా దారికొస్తుందేమోనని ఆశ. ఓర్చినమ్మకు తేటనీరంటారు, ఓర్చిన నాకు గ్లాసు మీద గ్లాసు బోరు నీళ్లు. కడుపు నోవహు కాలంలో జలప్రళయం ముంచెత్తిన భూమిలా తయారైంది. బాత్రూం ఎక్కడని అడిగి వెళ్లొచ్చాను. మళ్లీ తాగాను. మళ్లీ వెళ్లాను.

సునీత వాళ్ల నాన్న రిటైరైన హెడ్మాస్టరు. మా అమ్మ వైపు వంగి మెల్లగా అడిగాడు. “ఏమీ అనుకోవద్దు చెల్లెమ్మా. బాబుకి షుగరు ఎప్పట్నించి?”

“మావాడికి షుగరేంటి అన్నయ్యగారూ?”

“ఈ దాహం, ఈ తిరుగుడు. మా తమ్ముడికీ ఇలాగే మొదలైందమ్మా. తెలిసి తెలిసి పిల్లనెలా ఇస్తాం?”

సంబంధం చేజారిపోతోంది. సిగ్గు విడిచి ఒంటెల దగ్గర్నుంచి అంబాసిడర్ దాకా అంతా చెప్పేశాను. మామ్మ సంగతి మాత్రం దాచాను. ఎంత భక్తుడికైనా కాస్త పరువుండాలి.

సునీత నెమ్మదిగా అంది. “ఆ గుర్తు అడిగింది దాసుడండి. పిల్లెవరో తెలీక అడిగాడు. మీకు నా పేరు, ఊరు, చదువు అన్నీ తెలుసుగా.”

“దేవుని చిత్తం తెలుసుకుందామని...”

“అధ్యాయం చివరిదాకా చదివారా? ఇంట్లోవాళ్లు రిబ్కాని పిలిచి, ఈయనతో వెళ్తావా అని అడిగారు. నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు.”

యౌవనస్థుల నాయకుడికి వాక్యంతోనే వాత పడింది. లేచి నిలబడ్డాను. “నాతో వస్తారా అండి?”



“వస్తానండి” అంది సునీత. “ముందు ఆ షుగరు పరీక్ష చేయించుకుని రండి.”

షుగరు లేదని తేలాకే మా పెళ్లి ప్రకటన గుడిలో చదివారు. ఒట్టు పెట్టుకోవద్దని ప్రభువు చెప్పాడు కాబట్టి దీన్ని తీర్మానం అనుకోండి: ఇక బతికినంతకాలం దేవుడికి షరతులు రాసివ్వను. ఆయన పిలుపు తెలియాలంటే మోకరిస్తాను, పెద్దల్ని అడుగుతాను. అప్పటికీ తేలకపోతే మా ఆవిణ్ని అడుగుతాను. అసలు ఆవిడ అడక్కుండానే చెప్పేస్తుంది.