విమానంలో తాత కుక్క

నందికొండ ఆనకట్ట వెనక నీళ్లు నిలిచిన ఏడాది మా ఊరు మునిగింది. ఖాళీ చేసిన నాడు బండ్లన్నీ కదిలాక చూస్తే మా తాత లేడు. శ్రీశైలం పోయి సన్యాసుల్లో కలిశాడని కొందరన్నారు. నీళ్లు గడపలెక్కేదాకా బాపు ఖాళీ ఇండ్లన్నీ వెతికాడు. దొరికింది తాత కుక్క ఒక్కటే.

మరుసటి ఏడు తాత తమ్ముడు తొందరపడ్డాడు. మనిషి దొరకకపోతే మోదుగాకులతో బొమ్మ చేసి, అదే శవమనుకొని కాల్చి, కర్మ చేస్తారు మావాళ్లు. పెండ్లాం బొట్టూ గాజులూ అప్పుడే తీస్తారు. వచ్చే అమావాస్యకని ఖాయం చేశాడు.

"ఎన్నొద్దులు గిట్ల బొట్టు వెట్టుకొని కూసుంటవ్ వదినె? నలుగురు నవ్వుతాండ్రు."

"మీ అన్నను సూపియ్యి, తీసేస్త," అన్నది అవ్వ.

నేనూ ఊరుకోలేదు. "ఆకులు కాలవెట్టి మనిషి సచ్చిండంటవా చిన్నతాతా? ఏ కోర్టు కచేరిల నడుస్తది?"

"గీ పోరికి సదువు జెప్పిచ్చుడే తప్పాయె!"

కుక్క మాత్రం నీళ్ల ఒడ్డున కూర్చొని తిండి మానేసింది. ఆనకట్ట పనులు చూసే ఒక కాంట్రాక్టరు భార్య దాని మీద మనసుపడి, హైదరాబాదు తీసుకుపోతానంది. ఇక్కడ చచ్చేకంటే నయమని బాపు ఒప్పుకున్నాడు. అది వాళ్ల వంటవాణ్ణి కరిచింది. నా మాట తప్ప వినదు. నేనెట్లాగూ హైదరాబాదులో కాలేజీకి పోవాలి కనుక, వాళ్ల సొంత విమానంలో కుక్కతోపాటు నన్నూ ఎక్కించుకుంటామన్నారు.

బయల్దేరుతుంటే అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"పైకెల్లి మనూరి జాగ కనవడ్తదట. గాడ కుక్క ఏం జేస్తదో సూడు బిడ్డా. మోరెత్తి ఏడిస్తే ఆయన లేనట్టే. నా బొట్టు నేనే తీస్కుంట. ఇంకెవ్వల్ని తియ్యనియ్య."

"కుక్కనా నీకు సాక్ష్యం?"

"మీ చిన్నతాత ఆకులకంటె నయం గాదా?"

నేను కుక్క తాడు అందుకున్నాను.

అయిదారుగురు పట్టే చిన్న విమానం. ఆ మోతకు కుక్క నా సీటు కిందికి దూరి గజగజ వణికింది. కాంట్రాక్టరు భార్య చెవుల్లో దూది పెట్టుకుని, నాకింత ఇచ్చి, "దానికీ పెట్టమంటావా?" అని నవ్వింది. విమానం నీళ్ల మీదికి మళ్లింది. చింతచెట్ల ఎండిన కొనలు నీళ్లపైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. వాటిని బట్టి మా వాడను పోల్చుకున్నాను.

కుక్క వణుకు ఆగింది. బయటికొచ్చి, ముంగాళ్లు కిటికీకి ఆనించి, చెవులు నిక్కించింది. ఏడవలేదు. తోక ఊపింది. తాత ఎదురొస్తే ఊపినట్టు, నడుమంతా ఊగిపోయేలా. నా మాట నాకే వినపడని మోతలో అది తల ఒరగేసి ఏదో విన్నది. ఉన్నట్టుండి తోక దించి, కిటికీకి వీపు పెట్టి బుద్ధిగా కూర్చుంది. పొలం పోతూ తాత "నువ్వు రాకు" అని గదిమితే అట్లాగే కూర్చునేది.

"ఎవర్ని చూసిందమ్మాయ్?" అంది ఆమె. ఈసారి నవ్వలేదు.

కిందికి చూశాను. నీళ్లు, ఎండుకొమ్మలు.

హైదరాబాదులో దిగగానే ఆమె పెట్టిన అన్నం తిన్నది కుక్క. నేను వెళ్తుంటే వెంట రాలేదు.

అమావాస్యకు బస్సులో మా కొత్త ఊరికొచ్చాను. అరుగు మీద మోదుగాకులు కుప్పపోసి ఉన్నాయి. చుట్టాలందరి ముందే అవ్వ అడిగింది. "ఏడ్సిందా?"

"ఏడ్వలే. తోక ఊపింది."

"ఎవ్వల్లేని నీళ్లకా?" అన్నాడు చిన్నతాత.

వాదించడానికి నోరు తెరిచాను. ఏమని వాదించను? తాత ఉన్నాడంటే ఎక్కడున్నట్టు? లేడంటే కుక్క ఎవరి మాట విన్నట్టు?

"మునిగిన ఇంటికాడనే ఉన్నడు. గంతే," అని అవ్వ ఆ ఆకులు ముందేసుకొని, ఈనెపుల్లలతో విస్తర్లు కుట్టడం మొదలుపెట్టింది. అందరికీ వాటిలోనే వడ్డించింది. చిన్నతాత కలిపిన ముద్ద చేతిలోనే పట్టుకొని, నీళ్ల దిక్కు చూస్తూ కూర్చున్నాడు.