చీపురు తగలని జానెడు నేల

నిన్న సాయంత్రం దీపం పెట్టే వేళ నందివర్ధనం దగ్గర నిలబడితే రెక్కల గాలి చెంపకు తగిలింది. వెంటనే మునిరత్నం మామ గుర్తొచ్చాడు. చూలై అనే పేటలో, మా వీధి గ్రంథాలయంలో చిరిగిన పుస్తకాలు కుట్టేవాడు. ఎన్నో పుస్తకాలను బతికించినా ఆయన పేరు ఒక్కదానిలోనూ లేదు. అందుకే రాస్తున్నాను.

పదో తరగతితో బడి మానేసి ఇంట్లో బట్టలు కుట్టుకునే నేను, ఆ గ్రంథాలయంలో పురుగుల పుస్తకాలన్నీ చదివేశాను. ఒక ఏడు మా ఇంటి యజమానురాలు సరోజక్క పూజకు పూలు కోసే నందివర్ధనాన్ని వేలెడు లావు పచ్చపురుగులు మేసేశాయి. తల దగ్గర కళ్ళలాంటి రెండు నీలి చుక్కలు, తోక మీద చిన్న కొమ్ము. అక్క పురుగుమందు కొనుక్కొచ్చింది.

"వద్దక్కా, అది పెద్ద ఆకుపచ్చ చిమ్మట అవుతుంది" అన్నాను.

"ఏమే, పుస్తకాల పండితురాలా! పెండ్లయి వచ్చినప్పట్నుంచి చూస్తాండా, ఈడ ఒక్కటన్నా ఎగిరిందా? పదహైదు దినాలిస్తా. రాలేదో, మందు కొట్టి చెట్టూ నరికించేస్తా."

ఒక పురుగును సీసాలో పెట్టాను. అది గోధుమరంగుకు తిరిగి, గోడలెక్కి దిగి, చచ్చిపోయింది. ఏడుస్తూ గ్రంథాలయానికి పోయి, అక్క మాటతో సహా అంతా చెప్పాను. మామ సూది పక్కన పెట్టాడు.

"రంగు మారినాక చెట్టు దిగి, రాలిన ఆకుల్లో ప్యూపా అవుతాదని రాసుంది గదా పాపా. నీ సీసాలో ఆకు యాడ, మట్టి యాడ? సరే, ఆ చెట్టు కింద తెల్లారి ఊడ్చేదెవురు?"

"నేనే మామా. ముగ్గుకి ముందు."

"అట్లనా! అక్కకు ఇన్నేండ్లూ కనపడలేదంటే, చిమ్మటలన్నిటినీ నువ్వే ఎత్తి కుప్పతొట్లో పోసినావు గదమ్మా!" పగలబడి నవ్వాడు.

మర్నాటినుంచి చెట్టు మొదట్లో జానెడు నేల వదిలేసి ఊడ్చాను. ఆ ఆకులు కెలకడానికొచ్చే పిల్లిని పక్కింటి మేరీ తరిమేది.

"వాకిలి సగం ఊడిస్తే లక్ష్మి వస్తాదా?" అని అక్క కేకలేసింది.

చూసిపోదామని వచ్చిన మామ, "ఈసారి రెక్కలేసుకోని వస్తాదిలేమ్మా" అన్నాడు.

పధ్నాలుగో రోజు, పొద్దు కుంకుతుండగా, ఆకుల్లోంచి ముడతలు పడ్డ తడి రెక్కలతో ఒకటి గోడెక్కింది. చూస్తుండగానే రెక్కలు అరచేయంత విచ్చుకున్నాయి. ముదురాకుపచ్చ, లేతాకుపచ్చ, మధ్యలో గులాబీ చారలు.

"ఒసే, అందరూ రండే! పట్టుచీర కట్టుకోని వచ్చింది!" అని వాకిలంతా అదిరేలా అరిచింది సరోజక్కే. పురుగుమందు డబ్బా ఆ పూటే అంగడికి వాపసు పోయింది.

ఆ కేకకు గ్రంథాలయంలోంచి వచ్చిన మామ వైపు నేను గర్వంగా చూశాను. "బాగుంది. ఆ పురుగుల పుస్తకం తెచ్చియ్యి, గడువు దాటి వారమైంది" అన్నాడు.

మామ ఇప్పుడు లేడు. మాట నిలబెట్టుకున్న సరోజక్కకు, ఆ రోజులన్నీ పిల్లిని తరిమిన పక్కింటి మేరీకి, నాకు పుస్తకాన్నీ నేలనూ కలిపి చదవడం నేర్పిన మునిరత్నం మామకు నా దండాలు. నా ముగ్గు ఈనాటికీ ఆ జానెడు నేల దాకా వచ్చి, వంగి, పక్కకు తిరుగుతుంది.