రెండో శనివారం బొమ్మల నడక

మొన్న ఆదివారం ఆరాధన నుంచి వచ్చి ఇంకా చీర కూడా మార్చుకోలేదు, విశాఖపట్నం నుంచి మా చెల్లెలి కూతురు ఫోను చేసింది. అక్కడ ఎవరో నెలకొక సాయంత్రం జనాన్ని పోగుచేసి, బొమ్మలు పెట్టిన హాళ్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి నడిపించి చూపిస్తున్నారట, వచ్చే నెల నన్నూ తీసుకెళ్తానంది. మన కాశీబుగ్గలో ఇలాంటివి ఎవరికి తెలుసు పెద్దమ్మా, ఒకసారి వచ్చి చూడు, అని కూడా అంది. మోకాళ్ల నొప్పులమ్మా, నడవలేను అని చెప్పి ఫోను పెట్టేశాను. మోకాళ్లు బాగానే ఉన్నాయి. కానీ ఆ మాట విన్న దగ్గర్నుంచి మనసు బాగాలేదు, ఈ వయసులోనైనా ఒకసారి ఎవరికైనా చెప్పుకుంటే మంచిదనిపించి ఇది రాస్తున్నాను.

తొంభైల చివర్లో మాట. నాన్నకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయాక కాశీబుగ్గ మెయిన్‌రోడ్డు మీద ఉన్న మా ఫ్రేముల షాపు నా చేతికొచ్చింది. ఆడది గాజు కోస్తుందా అని మొదట్లో వింతగా చూసినవాళ్లే తర్వాత నేను కోసిన అంచు మీద వేలు పెట్టి చూసి ఊరుకున్నారు. మాది బాప్టిస్టు సంఘంలో పుట్టి పెరిగిన కుటుంబం, అయినా షాపులో ఒకే బల్ల మీద బైబిలు వాక్యాల పటాలూ, లక్ష్మీదేవి పటాలూ, పెళ్లి ఫోటోలూ కలిసి పడుకునేవి. మన తరం వాళ్లకి గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఇంటికొక పటం తెచ్చుకోవడమంటే చిన్న పండగ, భార్యాభర్తలిద్దరూ వచ్చి ఏ రంగు ఫ్రేము కట్టించాలా అని పొద్దంతా తేల్చుకునేవారు కాదు.

మా షాపుకి తరచుగా ఒక డ్రాయింగు మాస్టారు వచ్చేవారు. సోంపేట వైపు కొబ్బరితోటల్లో ఆయన సొంతూరు, ఉద్యోగం ఇక్కడ హైస్కూల్లో. పురోహితుల కుటుంబంలో పుట్టి, ఆ పని ఇష్టం లేక బొమ్మల్లో పడ్డారు. సన్నగా, పొడుగ్గా, జేబులో ఎప్పుడూ రెండు పెన్సిలు ముక్కలతో ఉండేవారు. ఫ్రేము కట్టి గోడకి ఆనించిన పటాలని, అవి ఎవరివైనా సరే, చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కొక్కటే చూసుకుంటూ పోయేవారు. ఒకరోజు ఆయనే అన్నారు, ఈ ఊళ్లో ఇన్ని బొమ్మలు తయారవుతున్నాయి, తయారైన మర్నాడే ఎవరిళ్లకి వాళ్లు పట్టుకుపోతున్నారు, నెలకొక్క సాయంత్రమైనా వాటిని నలుగురూ చూస్తే తప్పేమిటి, అని.

అలా మొదలైంది. ఆఫీసులకి సెలవు కాబట్టి రెండో శనివారం పెట్టుకున్నాం. పొద్దువాలే వేళకి మా షాపు దగ్గర కలవడం, అక్కడ పటాలు చూసి, పక్క సందులోని ఫోటో స్టూడియోకి వెళ్లడం, అక్కడ పాత నలుపు తెలుపు ఫోటోలకి చేత్తో రంగులు వేసినవి చూడడం, తర్వాత పలాస రైలు గేటు దగ్గరున్న మా చిన్నాన్న షెడ్డుకి నడవడం, చివరికి మాస్టారి ఇంటి వరండాలో పిల్లల బొమ్మలూ ఆయన బొమ్మలూ చూసి, ఆయన భార్య ఇచ్చిన అల్లం టీ తాగి ఇళ్లకి పోవడం. మా చిన్నాన్న షాపు బోర్డులు రాసేవాడు, లారీల వెనక నెమళ్లు వేసేవాడు, చిన్న ఫోటో ఇస్తే గళ్లు గీసుకుని నిలువెత్తు మనిషిని దించేసేవాడు. మాస్టారు ఈ నాలుగు చోట్లనీ నవ్వకుండా మొదటి గ్యాలరీ, రెండో గ్యాలరీ అనేవారు. ఎనామిల్ రంగుల కంపు కొట్టే రేకుల షెడ్డులో నిలబడి, ఇది మన మూడో గ్యాలరీ అని ఆయన చెబుతుంటే చిన్నాన్న సిగ్గుపడిపోయి బీడీ పారేసి చేతులు తుడుచుకునేవాడు.

మొదటి నెల తొమ్మిదిమందిమి. రోడ్డు మీద జనం మమ్మల్ని చూసి ఎవరింట్లోనో చావు పలకరింపుకి పోతున్నామనుకున్నారు. ఏడాది తిరిగేసరికి నలభైమంది దాకా అయ్యారు. రైల్వే గుమస్తాలు, టీచర్లు, టెక్కలి నుంచి, నందిగాం నుంచి బస్సుల్లో వచ్చేవాళ్లు, పని దిగి వచ్చే జీడిపప్పు ఫ్యాక్టరీ ఆడవాళ్లు. ఆ ఆడవాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. జీడిపిక్కల జిడ్డుకి వేళ్లన్నీ నల్లగా కాలిపోయి ఉంటాయి కదా, పటాలకి ఎక్కడ అంటుకుంటుందోనని చేతులు కొంగులో దాచుకుని దూరంగా నిలబడేవారు. మాస్టారు వాళ్ల వరండాలో ఒక నల్లబల్ల దించి, తలొక సుద్దముక్కా ఇచ్చి, మీకేం కావాలంటే అది గీయండమ్మా అన్నారు. ఒకామె చేప గీసింది. కన్ను పెట్టగానే అది నిజంగా చూస్తున్నట్టే ఉందని ఆమే భయపడి చెరిపేసింది.

తర్వాత తర్వాత ఆ నడక రంగు మారిపోయింది. చిన్నాన్న దగ్గరికి బోర్డుల పని తగ్గి ముఖాల పని ఎక్కువైంది. మాస్టారి సొంతూరి వైపు, ఉద్దానం ఊళ్ల నుంచి, ఆడవాళ్లూ ముసలివాళ్లూ, ఒక ప్లాస్టిక్కు కవరులో ఓటరు కార్డో, పాసుపుస్తకం మీంచి పీకిన ఫోటోనో పట్టుకుని వచ్చేవారు. దీన్ని పెద్దది సెయ్యి బాబూ, దినాల నాటికి కావాల, అనేవారు. కిడ్నీల జబ్బు. నలభై, నలభైరెండు, ముప్ఫై అయిదేళ్ల మగవాళ్లు, కొబ్బరి చెట్టెక్కినవాళ్లు, వలలు లాగినవాళ్లు. చిన్నాన్న వేసేవాడు, నేను ఫ్రేము కట్టేదాన్ని. రెండో శనివారం నాటికి అతని షెడ్డులోనూ మా షాపులోనూ గోడల మీద వేరే బొమ్మలుండేవి కావు. నడకకి వచ్చినవాళ్లు బొమ్మ ఎలా ఉందో చూడడం మాని, ఇది ఎవరు, ఏ ఊరు అని అడగడం మొదలుపెట్టారు. ఇవి తీసేద్దామా మాస్టారూ, జనం భయపడుతున్నారు, అని నేనే అడిగాను. ఆయన ఒప్పుకోలేదు. బతికుండగా ఈ మనుషుల ముఖాన్ని నిలబడి చూసినవాడెవడమ్మా, ఒక్క సాయంత్రం చూడనీ, అన్నారు.

ఆ మాటన్న రెండేళ్లకి ఆయన కాళ్లు వాచాయి. ఆయనా ఆ ఊళ్ల నీళ్లు తాగి పెరిగినవారే. జబ్బు నీళ్ల వల్లే అని ఎవరూ తేల్చి చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. కొన్నాళ్లు గోడలు పట్టుకుని, నాలుగు చోట్లా నాలుగు కుర్చీలు వేయించుకుని నడిచారు. తర్వాత డయాలసిస్ అన్నారు. ఇక్కడ లేదు కాబట్టి వారానికి రెండుసార్లు రైల్లో విశాఖపట్నం. తెల్లారకముందే భార్య చెయ్యి పట్టుకుని స్టేషనుకి వెళ్లడం, తిరిగి వచ్చేసరికి మనిషి పిండేసిన గుడ్డలా ఉండడం. రెండో శనివారాలు ఆయన లేకుండానే నడిచేవాళ్లం. పదిమందిమి, ఎనిమిదిమందిమి.

అలా ఉండగా ఒకరోజు మాస్టారి తమ్ముడు చిన్నాన్న షెడ్డుకి వచ్చి అన్నగారి ఫోటో ఇచ్చి, దినాల పటం వేసి ఉంచమన్నాడు. ఈ తమ్ముడు ఒక ఆఫీసులో గుమస్తా, అన్నిటికీ ముందుగా సిద్ధపడే మనిషి. చెడ్డవాడు కాదు, అన్నగారిని ఎన్నోసార్లు వీపున మోసి రైలెక్కించినవాడే.

“బతికున్న మనిషికి ఈ పని నా సేత ఎందుకు సేయిత్తారు బాబూ?” అని చిన్నాన్న కాళ్లా వేళ్లా పడ్డాడట.

“పెద్ద డాక్టరు చెప్పీసినాడు. రేపు ఆ గొడవలో ఎవరికి తీరుతుంది? మా వదినకి మాత్రం తెలీకూడదు,” అన్నాడట ఆయన.

చిన్నాన్న వేశాడు. గళ్లు గీయలేదు, ఫోటో కూడా ఎక్కువ చూసినట్టు లేదు. నెలనెలా వచ్చి తన షెడ్డులో నిలబడిన మనిషిని గుర్తు తెచ్చుకుని వేశాడు. జేబులో పెన్సిలు ముక్కలు కూడా వేశాడు. చనిపోయినవాళ్ల పటాలకి కింద ఒక తెల్ల పట్టీ వదిలి జననం, మరణం అని రాయడం అలవాటు కదా, తమ్ముడు చెప్పినట్టే జననం పక్కన తేదీ వేసి, మరణం పక్కన ఖాళీ వదిలాడు. ఫ్రేముకి నా దగ్గరికి తెచ్చినప్పుడు చిన్నాన్న పటం బల్ల మీద పెట్టి, నా మొహం చూడకుండా వెళ్లిపోయాడు.

నేను అద్దం వేసి, ఫ్రేము కట్టి, కాగితం చుట్టి వెనక గదిలో పెట్టాను. అక్కడే ఉండనిచ్చి ఉంటే నా బతుకు వేరేలా ఉండేది. ఆ నెల రెండో శనివారం మధ్యాహ్నం గోడ మీద పెట్టడానికి మూడు పటాలే ఉన్నాయి. మా చిన్నాన్న జీవితంలో వేసిన బొమ్మలన్నిటిలోకీ గొప్పది వెనక గదిలో కాగితంలో ఉంది. మాస్టారు ముందురోజే విశాఖ వెళ్లి వచ్చారు, వెళ్లొచ్చిన మర్నాడు ఆయన మంచం దిగరని నాకు తెలుసు. పట్టీ మీద ఒక గుడ్డముక్క కప్పితే సరిపోతుందనుకున్నాను. విప్పి, తగిలించాను. గర్వంగా కూడా ఉంది, అబద్ధం చెప్పను.

పొద్దువాలింది. ఆరుగురు వచ్చారు. పటం ముందు నిలబడి చూస్తున్నారు. అప్పుడు షాపు ముందు ఆటో ఆగింది. డయాలసిస్ సూదులు గుచ్చిన చేతికి కట్టుతో, తెల్ల చొక్కాతో, మాస్టారు దిగారు. ఆ రోజు ఎందుకో ఒంట్లో బాగుందట, రెండు చోట్లైనా చూసి పోదామని భార్యకి చెప్పి వచ్చారట. నేను లేచేసరికే ఆయన లోపలికి వచ్చేశారు. జనం పక్కకి తప్పుకున్నారు.

ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నారు. చాలాసేపు చూశారు. తర్వాత ఒక వేలితో గుడ్డముక్క ఎత్తి, కింద రాసింది చదివి, మళ్లీ గుడ్డని ముందున్నట్టే సర్దారు.

“బాగా వేశాడమ్మా మీ చిన్నాన్న. చెవి పక్కన నీడ వేయడం ఇన్నాళ్లకి వచ్చింది,” అన్నారు.

నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. “మాస్టారూ, ఇది...” అన్నాను.

“మా తమ్ముడేనా?” అన్నారు.

తల ఊపాను. ఆయనా తల ఊపారు. ఇక పదండి, స్టూడియో మూసేస్తారు, అని అందరికంటే ముందు రోడ్డు మీదికి దిగారు. ఆ సాయంత్రం నాలుగు చోట్లా నడిచారు, ఆటో ఎక్కమంటే ఎక్కలేదు. షెడ్డులో చిన్నాన్న భుజం మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డారు. ఆయనకి తెలిసిందని చిన్నాన్నకి అప్పుడే తెలిసింది. వరండాలో మాస్టారి భార్య అందరికీ టీ ఇచ్చి, ఇన్నాళ్లకి ఈయన నవ్వుతున్నారు చూడండి అని మురిసిపోయింది. నేను టీ గ్లాసు తాగకుండానే గట్టు మీద పెట్టేశాను.

తర్వాతి మంగళవారం ఆయన రైలెక్కలేదు. శుక్రవారమూ ఎక్కలేదు. శనివారం ఆవిడ చెప్పులు కూడా లేకుండా మా షాపుకి పరిగెత్తుకొచ్చింది. ఆవిణ్ని నేను అక్కా అనేదాన్ని.

“ఆ రోజు ఇక్కడేటైనా జరిగిందా అమ్మా? ఎవరైనా ఏటైనా అన్నారా? ఎంత బతిమాలినా రానంటున్నారు, చాల్లే అంటున్నారు. నీకు తెలిస్తే చెప్పు తల్లీ.”

ఏమీ లేదక్కా, అన్నాను. పటం వెనక గదిలో ఉంది, ఆవిడకి నాలుగడుగుల దూరంలో. తమ్ముడు చిన్నాన్న దగ్గర మాట తీసుకున్నాడు కదా అనుకున్నాను, చెబితే ఆవిడ గుండె పగులుతుందనుకున్నాను. అవన్నీ తర్వాత కల్పించుకున్నవి. నిజానికి నా తప్పు బయటపడుతుందని భయపడ్డాను, అంతే. ఆవిడ కాసేపు నా మొహం చూసి, కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది. పన్నెండు రోజులకి మాస్టారు పోయారు.

పట్టీ మీద ఖాళీ నింపమంటే చిన్నాన్న బ్రష్షు పట్టనన్నాడు. మాస్టారి తమ్ముడే వచ్చి, గుమస్తా అక్షరాలతో తేదీ రాసుకుని పటం పట్టుకుపోయాడు. ఆ తర్వాత వచ్చిన రెండో శనివారం అయిదుగురం కలిశాం. షెడ్డు దాకా వెళ్లి, అక్కడి నుంచి ఎక్కడికి వెళ్లాలో తెలియక కాసేపు నిలబడి వెనక్కి వచ్చేశాం. తర్వాత ఎవరూ రాలేదు, నేనూ పిలవలేదు. మరి రెండేళ్లకి ఫ్లెక్సీలొచ్చి చిన్నాన్న షెడ్డు మూతపడింది. ఒక జీడిపప్పు గోడౌనులో కాపలాకి కుదిరి, ఇంకెప్పుడూ బ్రష్షు ముట్టకుండానే పోయాడు. స్టూడియో ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు.

అక్కకి నిజం చెప్పడానికి నాకు పద్నాలుగేళ్లు పట్టింది. తమ్ముడుగారూ పోయాక, టెక్కలి బస్సులో పక్కపక్కన సీట్లు దొరికినప్పుడు, నందిగాం దాటాక, మొత్తం చెప్పేశాను. ఆవిడ కిటికీలోంచి చూస్తూ విన్నది. కేకలు వేస్తుందనుకున్నాను, వెయ్యలేదు.

“ఆయన అన్నం సహించక పోయారనుకున్నాను. నా మీద విసుగొచ్చి పోయారనుకున్నాను,” అంది. “ఆవేళ నువ్వొక్క మాట చెప్పుంటే, ఆ పటం పొయ్యిలో పెట్టి, ఆయన కాళ్లు పట్టుకునైనా రైలెక్కించుకునేదాన్ని కదమ్మా.”

టెక్కలిలో దిగి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. క్షమించానని అనలేదు, అనమని నేను అడగలేదు. మా సంఘంలో పాపం ఒప్పుకుంటే భారం దిగుతుందంటారు. నాకు దిగలేదు. పద్నాలుగేళ్లు ఆవిడ మోయనవసరం లేని బరువు మోసిందని తెలిసి ఇంకాస్త పెరిగింది.

ఇప్పుడు డయాలసిస్ మిషన్లు మా ఊళ్లోనే ఉన్నాయి, రైలెక్కక్కర్లేదు. జబ్బు మాత్రం అలాగే ఉంది. పోయినవాళ్ల ముఖాలు పది నిమిషాల్లో ఫ్లెక్సీల మీద అచ్చయి స్తంభాలకి వేలాడుతున్నాయి, దినాలు కాగానే జీడిపిక్కలు ఎండబెట్టుకోడానికి కింద పరుస్తున్నారు. ఎవరినీ తప్పుపట్టను, నేనే ఆ షాపు అద్దెకిచ్చేశాను. సాయంత్రాలు ఒక్కోసారి మెయిన్‌రోడ్డు నుంచి రైలు గేటు మీదుగా మాస్టారి పాత వీధి దాకా నడుస్తాను. ఆ దారి మాకు మూడు గంటలు పట్టేది. ఇప్పుడు పావుగంటలో అయిపోతోంది.