పరకాల నుంచి తెచ్చిన టైర్లు

పొలాల బురదలో నా పికప్ ట్రక్కు ఊరికే దిగబడుతోందని, పాత పెద్ద టైర్ల కోసం పరకాల వెళ్లాను. అమ్మే యువకుడు మంచంలో ఉన్నాడు. అడవిదారుల్లో జీపు బోల్తాపడి నడుము విరిగిందట. జీపు తుక్కుకు పోయింది. చక్రాలూ టైర్లూ మిగిలాయి.

నాలుగూ ఎక్కించాక, “స్టెప్నీ ఉండనియ్యన్నా. లేచినంక మళ్ల జీపు కొంట,” అన్నాడు.

“అది గూడ తీస్కపోండ్రి అన్నా. రోజూ దాన్నే చూసుకుంట ఏడుస్తాండు,” అంటూ అతని భార్య దాన్ని తనే దొర్లించుకొచ్చింది.

ఎవరి మాట వినాలో తెలియక అతనివైపు చూశాను. అతను గోడవైపు ముఖం తిప్పుకున్నాడు. అయిదోదాన్నీ ఎక్కించుకున్నాను. గేటు దాకా వచ్చిన ఆమె, లోపలికి వినపడకుండా కొంగు అడ్డుపెట్టుకుని ఏడ్చింది.